మంజక్కాణి మన్ను

సముద్రం మీద కొత్తిమీర వాసన ఏమిటని పొన్నుతాయి మొదట తన ముక్కునే అనుమానించింది. వేంబారు రేవులో పడవెక్కినప్పటినుంచీ ఉప్పు, చేపనూనె, తడిసిన తాడు, ఇవి తప్ప వేరే వాసన ఎరగదు. తీరా వంగి చూస్తే, పడవ అడుగున పరిచిన గోనెసంచుల్లో ఒకటి ఉబ్బి ఉబ్బి కుట్టు తెగి నోరు తెరిచింది. అందులోంచి నానిన నల్లరేగడి ముద్దలు ముద్దలుగా బయటికి వస్తోంది, ఆ ముద్దల్లో వేళ్లతో సహా నలిగిన కొత్తిమీర మొక్కలు, వాటి చిన్న తెల్లపూలు కూడా ఇంకా పూర్తిగా వాడలేదు. ఒక మొక్కను లాగి వేళ్ల మధ్య నలిపింది, మళ్లీ వాసన చూసింది. ఈ ఏడు నాగలాపురం చుట్టుపట్ల పత్తి వేయనివాడు పాపాత్ముడన్నట్టు అందరూ పత్తే వేశారు, కొత్తిమీర చల్లించింది తానొక్కతే. ఐప్పసి నెల మొదటి వానకు, కొంగులో విత్తనం పోసుకుని, కూలీల వెంట గట్టు గట్టూ తిరిగి చల్లించిన చేను అది. తన మంజక్కాణి. పెళ్లిలో తండ్రి కూతురికి పసుపుకుంకుమల కింద ఇచ్చే చేనును ఆ సీమలో అలా అంటారు. దాని మీద అత్తకు మాట లేదు, మరుదులకు మాట లేదు, కట్టుకున్నవాడికీ మాట లేదు. ఆ కట్టుకున్నవాడే దాన్ని తవ్వించి, సంచుల్లో కూరించి, దాని మీద చాప పరుచుకుని పడుకుని ఉన్నాడు.

కోపమొస్తే ఇంట్లో అయితే వంద దారులున్నాయి. చేట తీసుకుని కందులు దడదడా చెరిగితే సగం పోతుంది. చల్ల చిలికితే ఇంకొంత. ఎద్దుల కొట్టంలోకి పోయి, ఏ పాపమూ ఎరగని ఎద్దును పట్టుకుని దాని వంశమంతా ఏకరువు పెడితే, వినాల్సినవాళ్లు అరుగు మీద కూర్చుని వింటారు. ఇక్కడ ఏముంది? విసురుగా లేస్తే పడవ ఒరుగుతుంది, విసురుగా కూర్చున్నా ఒరుగుతుంది. ధడాలున వేయడానికి తలుపు లేదు, విసిరి కొట్టడానికి ఉన్న ఒక్క చెంబులో తాగే నీళ్లున్నాయి. సముద్రాన్ని తిడదామంటే అది ఎవరి మాటా చెవిన వేసుకునే రకం కాదు. వెనక చుక్కాని దగ్గర పడవవాడు సవరిముత్తు, ముందు తెరచాప తాడు పట్టుకుని అతని బావమరిది, ఇద్దరూ పరాయి మగవాళ్లు, తమిళం తప్ప తెలియనివాళ్లు. వాళ్ల ముందు తెలుగులో తిట్టినా గొంతును బట్టి తెలిసిపోతుంది. అందుకని పొన్నుతాయి కొబ్బరిచిప్ప తీసుకుని అడుగున ఊరిన నీళ్లు తోడి పోయసాగింది. తోడటానికి మాత్రం నీళ్లెక్కడ, నిన్నటిదాకా చిప్ప నిండా వచ్చిన నీరు ఈ పొద్దున చిక్కటి నల్లటి బురదగా వస్తోంది. ఆ బురద తన చేనని తెలిశాక చిప్ప ఎత్తి బయటికి పోయడానికి చెయ్యి రాలేదు. పోయకపోతే పడవ నిండుతుంది. పోసింది. పోసిన ప్రతిసారీ ఒళ్లు మండింది.

"మామా" అంది.

తిరుపతిసామి కళ్లు తెరవలేదు. నిద్ర కాదు అది. అమ్మకు సొంత తమ్ముడాయన, తాను ఉయ్యాలలో ఉన్నప్పుడే ఈ పిల్ల నాది అని అందరితో చెప్పుకున్నవాడు. చంకనెత్తుకుని తిప్పినవాడే మెడలో తాళి కట్టాడు. ఆయన నిద్ర ఎట్లా ఉంటుందో, నిద్ర నటన ఎట్లా ఉంటుందో పొన్నుతాయికి ఒకరు చెప్పాలా? నిజంగా నిద్రపోతే కింది పెదవి జారుతుంది. ఇప్పుడు పెదవులు రెండూ గట్టిగా బిగించి ఉన్నాయి.

"మామా, ఇది యాడ మన్ను?"

"మన ఊరి మన్నే."

"మన ఊర్లో యా చేన్ది?"

"మన్నుకు పేరుండాదా? గమ్మునుండు పొన్నూ, నాకు తల తిరగతాది."

తల తిరుగుతుందట. గమ్మునుండాలట. పుట్టింది మొదలు గమ్మునే ఉంది. పెళ్లిలో నువ్వొప్పుకున్నావా అని ఎవరడిగారు? మేనమామ కదా, అడిగేదేముంది అన్నారు. కొడుకుకు పేరు పెట్టేటప్పుడు ఎవరడిగారు? అళగర్సామి అని ముందే అనుకున్నాం అన్నారు. అత్తంటే అత్తా కాదు, సొంత అవ్వ, అమ్మను కన్న తల్లి. కొట్టినా కోడల్ని కొట్టాననలేదు, మనవరాలికి బుద్ధి చెప్పానంది, ఆ ఏడుపు పుట్టింటికి పోయి చెప్పుకుందామంటే పుట్టింట్లో అమ్మ, మా అమ్మ మీదే నాకు చాడీలా అంటుంది. అంత ఇంట్లో, అన్ని చేలల్లో, అన్ని నోళ్ల మధ్య, పొన్నుతాయి నోరెత్తి ఇది నాది అనదగ్గది ఆ ఊరి పడమటి చేనొక్కటే. పెద్ద చేనేమీ కాదు. ఎండాకాలం వస్తే దూడ కాలు దిగబడేంత నెర్రెలిస్తుంది, వానొస్తే కాలికి అంటుకుని చెప్పు వదలదు. అయినా అందులో ఏం వేయాలో తాను చెప్పేది. ఎప్పుడు కోయాలో తాను చెప్పేది. ఆ గట్టు మీద నిలబడి గట్టిగా మాట్లాడేది, అక్కడ తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

ఒక ఏడు ధనియాలు విరగపండాయి. ఈయన పత్తి తూకానికి కోవిల్పట్టి పోయిన రోజు చూసుకుని, అళగర్సామిని బండి కట్టమని విరుదునగర్ పోయింది. మండీలో మిరప ఘాటుకు అందరూ తుమ్ముతూనే బేరాలాడుతున్నారు. మండీ యజమాని ఆమె వైపు కన్నెత్తి చూడకుండా, మీసమైనా రాని అళగర్సామితో మాట్లాడాడు. ఆయనకు ఆడమనిషితో బేరమాడటం నామోషీ. పొన్నుతాయి బండి దిగి, ఒక గుప్పెడు ధనియాలు అతని అరచేతిలో పోసి, "సరుకు నాది, మాట నాతో" అని తమిళంలో అంది. మండీ అంతా ఒక్క తుమ్ము లేకుండా నిశ్శబ్దమైంది, లేదా తనకట్లా అనిపించింది. తిరిగొచ్చేటప్పుడు ఆ చేత్తోనే ఒక నల్ల కంబళి కొన్నది. ఈయన మోకాళ్లకు. ఐప్పసి బురదలో పిక్కల దాకా దిగి, పొద్దుగూకేదాకా నిలబడి, ఇంటికొచ్చి రాత్రంతా మూలుగుతాడు కదా అని. ఇదెక్కడిది పొన్నూ అని ఇంతవరకు అడగలేదు. ఇప్పుడు అదే కంబళి గడ్డం దాకా కప్పుకుని, తన మన్ను మీద, తన కంబళి కింద, తనను గమ్మునుండమంటున్నాడు.

ఉత్తరపు గాలి వెనకనుంచి తోస్తోంది. మార్గళి నెల వాడైగాలి, ఎముకల్లోకి దూరే రకం. కుడిచేతి వైపు దూరాన తీరం గోధుమరంగు గీత, ఆ గీతకు ముందుకొసన తిరుచెందూరు గోపురం ఇందాకటికన్నా కొంచెం ఎదిగింది. దాన్ని దాటితే నీళ్లు వెచ్చబడతాయని సవరిముత్తు వేంబారులోనే చెప్పాడు. ఆ వెచ్చదనం కోసమే ఈ ప్రయాణమంతా. కోవిల్పట్టి ఆసుపత్రిలో డాక్టరు ఈయన మోకాళ్లను తట్టి చూసి, మణికట్లు తిప్పి చూసి, ఎక్కడైనా వెచ్చని చోటుకు తీసుకుపోండి అన్నాడు. కోవిల్పట్టి కంటే వెచ్చని చోటుకు పోవాలంటే చితి మీదికే పోవాలి అని మరుదులు నవ్వారు. పొన్నుతాయి నవ్వలేదు. మణప్పాడు దగ్గర ఒక వైద్యుడు, వాతంతో ముడుచుకుపోయినవాళ్లను మెడదాకా వెచ్చటి సముద్రంలో కూర్చోబెట్టి, ఒడ్డున కాగిన ఇసుకలో పాతి, నూనెతో తోమి, లేపి నిలబెడతాడని విరుదునగర్ మండీలో విన్నది. నిలబెడతాడు. ఆ ఒక్క మాట పట్టుకుంది. వెళ్దామని తానే అంది, ఒప్పించింది, పోట్లాడింది. తిరుచెందూరుకు రైలుంది, కాని ఈయన కాళ్లు ముడవలేడు, కూర్చోలేడు. బండిలో పోతే దారిలో ప్రతి గుంతకూ ఒక కేక. నీళ్ల మీద అయితే కుదుపుండదని పడవ మాట్లాడింది. సముద్రమంటే దూరంనుంచి చూడటం తప్ప ఎరగని మనిషి, సముద్రానికి భయపడే తీరిక లేక ఎక్కి కూర్చుంది. పడవెక్కినప్పటినుంచీ మాటిమాటికీ చెయ్యి నీళ్లలో ముంచి చూస్తోంది, ఇంకా చల్లగానే ఉంది మామా అని చెబుతోంది. ఆయన ఒక్కసారైనా అడగలేదు. అడగకముందే చెప్పడం ఈమెకు అలవాటైపోయింది. అడగకుండానే వినడం ఆయనకు అలవాటైపోయింది.

వేంబారు ఒడ్డున ఏం జరిగిందో ఇప్పుడు ముక్కముక్కగా అర్థమవుతోంది. ఖాళీ పడవ గాలికి పొర్లిపోతుంది, అడుగున ఇసుక సంచులు వేయాలని సవరిముత్తు అన్నాడు. వద్దన్నాడీయన. మోసుకొచ్చిన మంచం మీదనుంచే, ఇసకా ఒక మన్నేనా, నా పడవలో నల్లని కరిసలు మన్ను పోతాది అన్నాడు. అప్పటికే అళగర్సామి వెనక బండిలోంచి సంచులు దించుతున్నాడు. రేగడి రైతు పొగరని పొన్నుతాయి లోలోపల నవ్వుకుంది కూడా. ఇన్ని నెలలుగా నోరు మెదపనివాడు పొగరుగా మాట్లాడాడు, అదీ మంచికే అనుకుంది. కొడుకు మాత్రం తన ముఖం చూడలేదు. అమ్మా పోయిరా అన్న మాట కూడా ఎద్దు మెడ నిమురుతూ అన్నాడు. దొంగముండాకొడుకు. పూత మీదున్న చేను, ఇంకో నెలకు గింజ పట్టే చేను, పార ఎట్లా దించావురా? మీ నాయన చెప్తే నన్ను కూడా తవ్వుతావా? ఆ వాసన నీకు రాలేదా? ఎక్కడ తవ్వారో, గట్టు పక్కనా, నడిచేలోనా? నడిచేలో అయితే ఆ గుంతలో వానాకాలమంతా నీళ్లు నిలిచి చుట్టుపక్కలంతా కుళ్లిపోతుంది. కచ్చితంగా నడిచేలోనే తవ్వి ఉంటారు, ఈ తండ్రీకొడుకులకు అంతకన్నా తెలివెక్కడిది.

ఒక అల పక్కనుంచి వచ్చి, చెంగున లోపలికి దూకి, పొన్నుతాయి ఒడి తడిపింది. పడవ ఎప్పటిలా ఎగిరి దాన్ని దాటలేదు. బద్ధకంగా అటు ఒరిగి, తిరిగి లేవడానికి ఆలోచించింది. అంచుకు నీళ్లు జానెడు దూరంలో ఉన్నాయి. నిన్న మూరెడుండేది. సవరిముత్తు చుక్కాని వదలకుండానే వంగి సంచులను చూసి తల కొట్టుకున్నాడు.

"అమ్మా, ఈ మన్ను నీళ్లు తాగుతోంది. ఇసుకైతే నీళ్లు వదిలేస్తుంది, మనం తోడేస్తాం. బరువు బరువే కదా అని నేనూ ఊరుకున్నాను, నా బుద్ధి గడ్డి తిన్నది. ఇది ఇంకా తాగుతుంది, ఇంకా బరువెక్కుతుంది. పారేయాలమ్మా. అన్నీ పారేయాలి. తెరచాప సగానికి దించి ఒడ్డు పక్కగా మెల్లగా పోదాం."

తమిళం ఈయనకూ వచ్చు. కళ్లు తెరిచాడు. "ఒక్క సంచి ముట్టకూడదు" అన్నాడు తమిళంలోనే, అంత గట్టిగా ఈమధ్య దేనికీ అనలేదు.

చిత్రమేమిటంటే, అదే మాట పొన్నుతాయి నోటిదాకా కూడా వచ్చింది. ముట్టొద్దు. నా చేనది. సముద్రంలో పోయడానికా మా నాయన నాకిచ్చింది? నీ పడవ మునిగితే మునగనీ. అంతలోనే, ఎవరు మునుగుతారు, చాప మీద కొయ్యలా పడున్న ఈ మనిషి కదా ముందు మునిగేది, చేయి కూడా ఆడించలేడు, కంబళితో సహా గమ్మున అడుక్కి పోతాడు, అని తట్టి మళ్లీ ఈయన మీదే కోపం వచ్చింది. ఎంత చక్కగా ఇరికించాడు! తన చేను తనను అడగకుండా తవ్వాడు. ఇప్పుడు ఈయన్ను బతికించుకోవాలంటే ఆ చేనును తన చేతులతోనే నీళ్లపాలు చేయాలి. ఎటు తిరిగినా పొయ్యేది తనదే. ఆయనది ఒక్క పెళ్ల పోదు. ఆయన పత్తి ఆయన చేలో హాయిగా పూత పూస్తూ ఉంటుంది.

"నా చేను ఎందుకు తవ్వించినావు?" అంది. గొంతు గట్టు మీది గొంతు. సవరిముత్తు బావమరిది తిరిగి చూశాడు. చూడనీ. "నీకు లేని చేనా? దక్షిణపు చేనుండాది, వాగు పక్క చేనుండాది. నాది ఒకటే ఒకటి. దాన్నే ఎందుకు?"

"పొన్నూ, బిడ్డలాంటి..."

"బిడ్డను కాదు. చెప్పు. చెప్పినా పారేస్తా, చెప్పకున్నా పారేస్తా. చెప్పి పారేయించుకో."

ఆయన ఆకాశం వైపు చూస్తూ చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతులో పొగరు లేదు, నటనా లేదు. "నా మన్నులో అన్నదమ్ముల పాలుండాది. రేపు పంచుకుంటారు, కొలుచుకుంటారు. నీదానిలో ఎవరి పాలూ లేదు. ఆ మణప్పాట్లో అంతా ఇసక పొన్నూ. ఇసక నిలవదు, గాలికి పోతాది. నేను ఆడనే పోతే ఇసకలో పూడ్చొద్దు. ఈ మన్ను పోసి దీంట్లో పడేయి. దానికే."

దానికే! పొన్నుతాయికి కోపం మామూలు కోపంలా రాలేదు, పాదాల దగ్గర మొదలై పైకి పాకింది. నడిపించాలని తీసుకుపోతోంది తాను. లేచి నిలబడి, మళ్లీ ఐప్పసి బురదలో దిగబడి, మళ్లీ తనతో తిట్లు తినాలని తీసుకుపోతోంది. ఇన్నాళ్లు మొక్కని దేవుడు లేడు, తోమని నూనె లేదు, ఇంటిల్లిపాదితో పోట్లాడి, సముద్రమెక్కింది. ఈయన మాత్రం పక్కనే తన గుంత తాను కట్టుకుని వచ్చాడు. దాన్నే ఒంటి కింద పరుచుకుని పడుకున్నాడు.

"సచ్చేదానికా నువ్వు వచ్చింది?" అంది. "నేను నిన్ను నడిపించేదానికి తోలుకుపోతాండా. నువ్వు గుంతను మూట కట్టుకొని వస్తివి. నన్ను ఒక్క మాట అడిగుంటే?"

"అడిగితే ఎందుకని అంటావు. ఎందుకని ఎట్ల చెప్పేది?"

చెప్పలేక తవ్వాడట. భయమని చెప్పలేక పూతమీది చేను నరికాడట. అడిగుంటే ఇచ్చేదా? ఇచ్చేది కాదు. ఆ మాట ముఖం మీదే చెప్పేది, నువ్వు చావవు, మన్నూ లేదు గిన్నూ లేదు, లేచి నడువు అనేది. అందుకే అడగలేదు. తెలుసు ఆయనకు. తెలిసే అడగలేదు. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ ఎరిగినవాడితో కాపురమంటే ఇదే, మన జవాబు మనకన్నా ముందు వాళ్లకు తెలిసిపోతుంది, ఇక అడగడం దేనికని మానేస్తారు. జవాబు చెప్పే సుఖమైనా మనకు మిగల్చరు.

చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మోకాళ్ల మీద కూర్చుంది. సంచి ఎత్తబోతే లేవలేదు, అందులో మన్నెంతుందో నీళ్లూ అంతే ఉన్నాయి. సవరిముత్తు కత్తి అందించాడు. కుట్లు కోసి రెండు చేతులూ దించింది. రేగడి తెలుసు తనకు. వేళ్ల సందుల్లో దూరుతుంది, గోళ్ల కింద చేరుతుంది, పట్టుకున్నదాన్ని వదలదు. విసిరితే సగం చేతికే ఉండిపోతుంది. గీకి గీకి విసిరింది. ఇది పెళ్లినాడు అడగనందుకు. ఇది కంబళి సంగతి అడగనందుకు. ఇది దొంగముండాకొడుకుకు పార ఇచ్చినందుకు. ఆయనను చాపతో సహా ఇటు జరిపి ఒక సంచి, అటు జరిపి ఒక సంచి. జరిపినప్పుడల్లా ఆయన నొప్పికి పళ్లు కరుచుకున్నాడు, కరుచుకోనీ. సవరిముత్తు బావమరిది ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో సాయం పట్టాడు. పడవ పక్కన నీళ్లు నల్లబడి, ఆ నలుపు వెనక్కి సాగింది, దాని మీద కొత్తిమీర మొక్కలు వేళ్లు పైకి, పూలు కిందికి తేలిపోయాయి. ఏ కూర్లోకీ రాకుండా, ఏ మండీలోనూ తుమ్మించకుండా పోయాయి. పొన్నుతాయి ఏడ్చింది, ఏడుస్తూనే విసిరింది. ఏడుపు చేను కోసమా ఈయన కోసమా అని తేల్చుకునే తీరిక లేదు.

పడవ తేలికైంది. అలలను దాటడం మళ్లీ దానికి గుర్తొచ్చింది. సవరిముత్తు తెరచాప సగానికి దించమని కేకేసి, ముక్కును ఒడ్డు వైపు తిప్పాడు. తిరుచెందూరు గోపురం ఎప్పుడు పక్కకొచ్చిందో, ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు, ఇప్పుడు అది వెనక ఉంది. చాప కింద ఉట్టి పలకలు మిగిలాయి. వాటి మీద ఈయన ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు, కుడి పిడికిలి ఛాతీ మీద పెట్టుకుని. ఎప్పటినుంచో సరిగ్గా ముడుచుకోని వేళ్లు అవి. వాటి సందుల్లోంచి నల్లగా కారుతోంది.

పొన్నుతాయి చూసింది. ఆయన, ఈమె చూడటం చూశాడు.

"పొన్నూ" అన్నాడు. నోట్లో లేని మాటను వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిలాయి. "ఈ పిడికెడు మన్ను... పెట్టుకుందునా?"

అడిగాడు. ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ నోట ఆ రకం మాట వినలేదు. చేతులు మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాయి. పిడికెడు మన్ను. ఎంతని? ఇచ్చేయొచ్చు. ఇంత పోయాక అదొక లెక్కా? అడిగినవాడికి ఇవ్వకపోతే ఇన్నేళ్లుగా అడగలేదని ఏడ్చిన ఏడుపుకు అర్థమేముంది? కాని అది ఎందుకు అడుగుతున్నాడో తెలుసు. అందులో ఎంత గుంత ఇముడుతుందో తెలుసు.

"వద్దు" అంది. "పారేయి."

ఆయన ముఖం చిన్నబోయింది. పిడికిలిని పడవ అంచు మీదికి జరుపుకోవడానికి చాలాసేపు పట్టింది, ఈమె సాయం చేయలేదు. వేళ్లు ఒక్కొక్కటే, నొప్పితో, తెరుచుకున్నాయి. మన్ను వెంటనే పడలేదు, అరచేతికి అంటుకుని కాసేపు వేలాడి, తర్వాత తనంతట తాను జారింది. ఆయన ఖాళీ చేయి కంబళి మీదికి తీసుకుని, మళ్లీ ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు.

పొన్నుతాయి అటు తిరిగి, రెండు చేతులూ మోచేతులదాకా సముద్రంలో ముంచింది, గోళ్ల కింది నలుపు కడుక్కుందామని. ముంచి, అలాగే ఉంచేసింది. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీదినుంచి దించి, చన్నీళ్లు కలిపిన స్నానపు నీళ్లంత వెచ్చగా ఉన్నాయి.

అలవాటు కొద్దీ చెప్పబోయి, నోరు మూసుకుంది. అడగడం నేర్చుకున్నాడు కదా. అడగనీ.